గద్వాల నుంచి చేరని మూడు ఇండెంట్లు

2004 వానాకాలం. అప్పటికి పదకొండేళ్లుగా నేను హైదరాబాదులో ఒక డేటా సెంటర్‌లో సిస్టమ్స్ ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక మెయిన్‌ఫ్రేమ్ ఉండేది. రెండు బీరువాలంత యంత్రం. సొంతంగా కొనలేని సంస్థలు అందులో కొంత సమయాన్ని అద్దెకు తీసుకునేవి. ఆ సంస్థల పనులు రాసేది వేరేవాళ్లు. యంత్రం లోపల నడిచే మూల సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడం నా పని. అది బాగా నడిచినన్నాళ్లు మమ్మల్ని ఎవరూ పిలవరు. పిలిచారంటే ఏదో పోయిందని అర్థం.

అంతకు ముందు ఏడాది నా భార్య పోయింది. ఆ సంగతి ఇందులో ఒకచోట వస్తుంది కనుక ముందే చెబుతున్నాను. ఆమె పోయినప్పటి నుంచి ఊళ్లు తిరిగే పని ఏది వచ్చినా నాకే ఇచ్చేవారు. నేనూ కాదనేవాడిని కాదు.

మా ఖాతాదారుల్లో ఒక ధర్మసంస్థ ఉండేది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో దానికి మూడు చిన్న దవాఖానలు. మందుల గోదాము హైదరాబాదులో. ఏ దవాఖానకు ఏ మందు కావాలో అక్కడి కంప్యూటర్‌లో టైపు చేస్తే ఆ ఇండెంట్, అంటే మందులు కోరుతూ పెట్టే చీటీ, మా మెయిన్‌ఫ్రేమ్‌కు వచ్చేది, ఇక్కడి నుంచి గోదాముకు వెళ్లేది. వారానికోసారి బండి మందులు తీసుకుని బయలుదేరేది.

ఆ ఇండెంట్‌ను మోసుకొచ్చేది మెసేజింగ్ సాఫ్ట్‌వేర్. గద్వాలలో టైపు చేసింది ముందు అక్కడి కంప్యూటర్‌లోనే క్యూలో, అంటే వరుసలో, నిలబడుతుంది. టెలిఫోన్ లైను కలిసినప్పుడు ఛానల్ అనే దారిలో హైదరాబాదుకు వస్తుంది. అందినట్టు ఇక్కడి నుంచి జవాబు పోయాకే అక్కడి వరుసలోంచి తొలగిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఇచ్చే హామీ ఇదే: పంపింది పోదు, పంపిందే రెండోసారి రాదు. పదకొండేళ్లు నేను ఆ హామీని నమ్మాను. ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను.

ఆగస్టులో గద్వాల నుంచి వరసగా మూడు మంగళవారాల ఇండెంట్లు హైదరాబాదు చేరలేదు. మంగళవారం పంపేవి ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందులు, ముఖ్యంగా పాముకాటు మందు. గురువారం బండిలో ఐస్ డబ్బాలో పెట్టి పంపేవారు. రెండు గురువారాలు బండి వచ్చింది, ఐస్ డబ్బా రాలేదు. అడిగితే డ్రైవరు "స్టాక్ లేదేమో" అన్నాడు. స్టాక్ లేకపోవడం అక్కడివాళ్లకు అలవాటే. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

మూడో ఇండెంట్ పంపిన మర్నాడు, రాజోలి పక్క ఊళ్లో వేరుశనగ చేను కలుపు తీస్తున్న నర్సమ్మ అనే ఆమెను పాము కరిచింది. ఆటోలో గద్వాల తెచ్చారు. ఫ్రిజ్‌లో ఒక్క సీసా కూడా లేదు. జీపులో కర్నూలుకు పంపారు. దారిలోనే ప్రాణం పోయింది.

ఇండెంట్లు పంపే బాధ్యత విజయ అనే గుమాస్తాది. తాను పంపానంటుంది. హైదరాబాదులో అందలేదంటారు. ఆమె పంపనే లేదని కొందరు, మందు బయట అమ్ముకుని స్టాక్ ఉన్నట్టు చూపిందని కొందరు. సంస్థ ఒక కమిటీ వేసింది. వచ్చే సోమవారంలోగా మేము లిఖితంగా తేల్చాలి. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఆగదు, మందు అమ్ముకున్న మనిషి అన్న పేరుతో ఆమె గద్వాలలోనే బతకాలి.

మేము ముందు సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయ కేంద్రానికి రాశాం. వాళ్లు డాక్యుమెంటేషన్ పంపమన్నారు. మా వృత్తిలో ఆ మాటకు అర్థం పోలీసుల పంచనామాలాంటిది: ఏమి జరిగిందో చూపే ఆధారాలన్నీ, ఎవరూ ముట్టుకోకముందు ఉన్నవి ఉన్నట్టు. రెండు వైపులా సాఫ్ట్‌వేర్ ఏ వెర్షను. తెర మీద వచ్చిన సందేశం, అక్షరం పొల్లు పోకుండా, దాని నంబరుతో. ఏ సమయానికి. లాగ్, అంటే యంత్రం తనకు తానుగా రాసుకునే దినచర్య. డంప్, అంటే ఆ క్షణంలో యంత్రం జ్ఞాపకంలో ఉన్నదంతా. లైను తెగకముందు మనుషులు ఏమి చేశారు, తెగాక ఏమి చేశారు. జాబితా పేజీన్నర ఉంది.

మా వైపు చూస్తే ఏమీ మిగల్లేదు. మా లాగ్ వారానికోసారి తన మీద తనే రాసుకుంటుంది, పాతది చెరిగిపోతుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో రెండు డంప్‌లు పడ్డాయి కాని స్థలం చాలక మా వాళ్లే తీసేశారు. అందరం చదువుకున్నవాళ్లమే. ఒక మనిషి చనిపోతే తప్ప ఆ డంప్‌లు ఎవరికైనా కావలసి వస్తాయని మాకు తట్టలేదు.

"ఆ ఊళ్లలో ఏమైనా దొరుకుతుందేమో చూసి రండి" అన్నారు మేనేజరు గారు. ఆయన గొంతులో ఆశ లేదు. నాకూ లేదు. పెట్టె నిండా ఖాళీ ఫ్లాపీలు పెట్టుకుని బస్సెక్కాను.

ముందు నాగర్‌కర్నూల్. పోయిన ఇండెంట్లు గద్వాలవే అయినా మూడు చోట్లా ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే రకం లైను. ఒకచోట పోయి రెండుచోట్ల ఎందుకు పోలేదో చూస్తేగాని లోపం దొరకదు. అక్కడ కంప్యూటర్ చూసేది కాంపౌండరు ఖాజా. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెద్దాయన.

"ఏంది సార్, గింత దూరం వచ్చిండ్రు? ఫోన్ జేస్తే నేనే చెప్తుంటి గద!"

"ఫోన్‌లో చెప్పింది పనికిరాదు ఖాజా భాయ్. కాగితం మీద కావాలి."

"కాయితమే గావాల్నా? మీరిచ్చిన కాయితం ఉంది సూడుండ్రి, ఫ్రేము గట్టించిన."

నిజంగానే తలుపు పక్కన గోడకు అద్దం బిగించిన చట్రంలో ఒక జిరాక్సు కాగితం ఉంది. లైను తెగితే ఏమి చెయ్యాలో ఇంగ్లీషులో టైపు చేసిన సూచనలు. మూడేళ్ల కిందట ఈ కంప్యూటర్లు పెట్టినప్పుడు మేము పంచిపెట్టినది.

"ఇందులో ఉన్నట్టే చేస్తున్నారా?"

"తోబా! కంప్యూటర్‌ను ముట్టుకుంటే ఖరాబైతదని నేను ముట్టనే ముట్ట. లైను పోతే పోనీ. వచ్చినప్పుడే వస్తది. నేను మాత్రలు పొట్లాలు గట్టుకుంట కూసుంట."

ఆయన లాగ్‌ను ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను. లైను పదిసార్లకు పైగా తెగింది. అయినా ఒక్క ఇండెంట్ కూడా తప్పిపోలేదు.

మర్నాడు వనపర్తి. అక్కడ కంప్యూటర్ చూసేది యాదగిరి, నాకంటే రెండేళ్లు పెద్ద. కంప్యూటర్ మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి దాని మీద మందుల అట్టపెట్టెలు పేర్చాడు.

"యాదన్నా, ఆగస్టు లాగ్ ఫైలు కనబడటం లేదే?"

"గదా? కంప్యూటర్ బరువైతుండె సార్. జర నిమ్మలంగ నడుస్తుంటే తీసి పారేసిన."

"లైను తెగితే ఏం చేస్తావు?"

"బంద్ జేస్త. పోయి ఛాయ్ తాగొస్త. మళ్ల చాలూ జేస్త. నేను ఛాయ్ తాగంది అది నడ్వదు సార్, నేనేం జెయ్యాలె?"

"మేమిచ్చిన కాగితం?"

"గా ఇంగ్లీషు కాయితమా! మీలాంటోళ్లు వస్తే సూపెట్టెతందుకు దాసిపెట్టిన" అని సొరుగులోంచి తీసి చూపించాడు. మడత నలగలేదు.

వనపర్తిలోనూ ఒక్క ఇండెంట్ పోలేదు. లాగ్ లేకపోయినా గోదాము రిజిస్టరుతో సరిచూస్తే అన్నీ చేరినట్టే ఉంది. ఒకాయన ఏమీ చెయ్యడు, ఇంకొకాయన స్విచ్ ఆపి టీకి వెళతాడు. ఇద్దరి దగ్గరా సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసుకుంది. వనపర్తి నుంచి గద్వాల బస్సు పెబ్బేరు సంత జనంలో చాలాసేపు ఆగిపోయింది. కిటికీ బయట ఎడ్ల పళ్లు చూస్తున్న మనుషులను చూస్తూ ఈ సంగతే ఆలోచించాను. విజయ ఏదో తప్పు చేసే ఉండాలి అనిపించింది. అప్పుడు అలా అనుకున్నానని ఒప్పుకోవాలి.

గద్వాల దవాఖాన వరండాలో ఒకతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. తిమ్మప్ప, నర్సమ్మ భర్త. రోజూ పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోతున్నాడని అక్కడి డాక్టరు గారు చెప్పారు. గొడవేమీ చెయ్యడట. కమిటీ చెప్పే మాట కోసం కూర్చుంటాడట.

విజయకు ముప్పై ఏళ్లుంటాయి. నేతపని ఇంటి పిల్ల, డిగ్రీ చదివింది. పొద్దున రెండు గంటలు తండ్రి పక్కన మగ్గం మీద కూర్చుని, తర్వాత దవాఖానకు వచ్చేది. ఆ వారం రోజులుగా ఆమెను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. నర్సమ్మ పోయిన రోజు నుంచి దాన్ని ఆపి, ఇండెంట్లు చేత్తో రాసి బండి డ్రైవరుకు ఇస్తున్నారు.

"ఏం తీస్కపోతరో తీస్కపోండ్రి సారు. నా తాన దాసేటిదేం లేదు" అంది, కుర్చీలోంచి లేచి నిలబడి.

"ఆ మూడు మంగళవారాలు తెర మీద ఏమి వచ్చిందో నీకేమైనా గుర్తుందా అమ్మా?"

"గుర్తెందుకు సారు, రాసిపెట్టిన."

బల్ల సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. చీరల అంచులకు, బుటాలకు నమూనా గీసే గళ్ల కాగితాలు మిగిలిపోతే కుట్టుకున్నది. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. తారీఖు, గంట, నిమిషం, తెర మీది సందేశం, దాని నంబరు, తర్వాత ఆమె నొక్కిన ప్రతి మీటా. ఇరవై రెండు నెలల రాత. సహాయ కేంద్రం పేజీన్నర జాబితాలో అడిగినదాంట్లో ముప్పాతిక అందులో ఉంది. ఇంత శుభ్రమైన డాక్యుమెంటేషన్ ఇంజినీర్ల దగ్గర కూడా నేను చూడలేదు.

"ఇలా రాయమని ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు జెప్పలే. మగ్గం కాడ పోగు తెగితే మా నాయిన ఉత్తగనే ముడెయ్యనియ్యడు. ఎన్నో వరుసల తెగింది, ఎన్నో పోగు, గది రాసుకున్నంకనే ముడి. రాయకుంటే బుటా పక్కకు వోతదంటడు. గదే అలవాటైంది."

మూడు మంగళవారాల పేజీలు చదివాను. మూడుసార్లూ ఒకే వరస. రెండు గంటల ప్రాంతంలో ఓపీ అయిపోయాక ఆమె ఇండెంట్ పంపింది. అదే సమయానికి కరెంటు కోత మొదలై లైను తెగింది. కరెంటు వచ్చాక తెర మీద ఛానల్ ఇన్-డౌట్ అని, పంపిన విడత సంఖ్యతో వచ్చింది.

ఇన్-డౌట్ అంటే సందేహంలో ఉండటం. ఇండెంట్ పంపాను, అందిందన్న జవాబు వచ్చేలోపు లైను తెగింది, అందిందో లేదో నాకు తెలియదు అని యంత్రం చెబుతోందన్నమాట. దాన్ని అలాగే వదిలేస్తే లైను మళ్లీ కలిసినప్పుడు రెండు యంత్రాలూ మాట్లాడుకుని తేల్చుకుంటాయి. ఖాజా దగ్గర, యాదగిరి దగ్గర జరిగింది అదే. లైను చాలాకాలం రాకపోతే మనిషే తేల్చవచ్చు. అందుకు రెండు ఆజ్ఞలున్నాయి. కమిట్ అంటే అందింది, ఇక వరుసలోంచి తీసెయ్. బ్యాకౌట్ అంటే అందలేదు, మళ్లీ పంపు. ఏది కొట్టాలో తెలియాలంటే పంపిన విడత సంఖ్యను, అంటే పంపే ప్రతి విడతకూ యంత్రం వరసగా వేసే అంకెను, అవతలి యంత్రానికి చివరగా అందిన విడత సంఖ్యతో సరిచూడాలి. రెండూ ఒకటైతే కమిట్. వేరైతే బ్యాకౌట్.

మూడుసార్లూ ఆమె కమిట్ కొట్టింది.

చివరి మంగళవారం తర్వాత గద్వాల కంప్యూటర్ ఆపేశారు కనుక ఆ ఛానల్ మీద చివరగా అందిన సంఖ్య మెయిన్‌ఫ్రేమ్‌లో ఇంకా అలాగే ఉండాలి. విజయ పుస్తకంలోని విడత సంఖ్యను చీటీ మీద రాసుకుని వీధి చివర ఎస్టీడీ బూత్‌కు వెళ్లాను. హైదరాబాదులో మా ఆపరేటరు ఒక్కో అంకె చదివాడు. ఒక్కో అంకె కింద గీత గీశాను. చివరి రెండు అంకెలు కలవలేదు. రెండోసారి చదివించాను. కలవలేదు.

అంటే మూడో ఇండెంట్ అందలేదు. అందిందని యంత్రానికి చెప్పి, దాన్ని వరుసలోంచి తీసేయించింది విజయే. మొదటి రెండింటికి ఇంత రుజువు లేదు కాని వరస ఒకటే కనుక జరిగిందీ అదే అయ్యుండాలి.

తిరిగి వచ్చేసరికి ఆమె నా ముఖం చూసింది.

"నేను తప్పు జేసిన్నా సారు?"

"కమిట్ ఎందుకు కొట్టావమ్మా?"

ఆమె వెనక గోడకేసి చూపించింది. అదే కాగితం. ఇక్కడ చట్రం లేదు, సొరుగూ లేదు. కంటికెదురుగా, తేమకు పాడవకుండా ప్లాస్టిక్ వేయించి అంటించింది. ఐదో అంశం కింద ఎర్ర సిరాతో గీత. ఇన్-డౌట్ అని వస్తే ఈ ఆజ్ఞ టైపు చెయ్యండి, అని ఉంది. ఆ ఆజ్ఞ కమిట్. ఇంకే షరతూ లేదు. అట్టడుగున మూడు ఇంగ్లీషు అక్షరాల పొట్టి సంతకం.

ఆ పొట్టి సంతకం నాది.

నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో చూసి కూడా చదవని ఆ కాగితాన్ని ఇప్పుడు నిలబడి మొత్తం చదివాను. 2001లో ఈ గదిలోనే, ఈ బల్ల మీదే రాశాను. మొదటి ప్రతిలో సంఖ్యలు సరిచూడాలన్న అంశం ఉంది. కాని ఒక్కో దవాఖానకు ఒకటే టెలిఫోన్ లైను. కంప్యూటర్‌కూ అదే, మాట్లాడటానికీ అదే. సంఖ్య కనుక్కోవాలంటే బూత్‌కు వెళ్లాలి, హైదరాబాదులో తెలిసినవాడు ఫోనెత్తాలి. వీళ్లవల్ల ఎక్కడవుతుంది, ఇన్-డౌట్ వచ్చేదే అరుదు, వచ్చినా చాలాసార్లు అందే ఉంటుంది అనుకున్నాను. ఆ అంశం కొట్టేశాను. కాగితం ఒక పేజీలో సరిపోయింది కూడా. ఖాజా దాన్ని అద్దం వెనక పెట్టాడు, యాదగిరి సొరుగులో పెట్టాడు. నేను రాసినదాన్ని రాసినట్టు పాటించింది ఈమె ఒక్కతే.

"తప్పు నీది కాదు. కాగితంలో ఉంది" అన్నాను.

"కాయితం రాసినోళ్లు తెలిసినోళ్లే గద సారు?"

"నేనే రాశాను."

ఆమె కుర్చీలో కూర్చుని, గళ్ల పుస్తకాన్ని నా వైపు జరిపింది. "జిరాక్సు తీసుకోండ్రి. అసలుది మాత్రం నా తాననే ఉంటది" అంది. ఆ మాట నాకు మంచిదనిపించింది.

మళ్లీ బూత్‌కు వెళ్లి మేనేజరు గారికి చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు. అలసిపోయిన మనిషి, నాలాగే.

"అయితే ఆపరేటరు తప్పు ఆజ్ఞ ఇచ్చింది అని రాయండి. అబద్ధం కాదు కదా."

"ఆజ్ఞ ఆమెది సార్. ఇమ్మని చెప్పిన కాగితం నాది."

"కాగితం సంగతి వాళ్లు అడగలేదు కదండీ. జాబితాలో ఉందా?"

జేబులోంచి జాబితా తీసి చూశాను. నిజమే, లేదు. లాగ్, డంప్, వెర్షను అన్నీ ఉన్నాయి. ఆపరేటరుకు మీరేమి చెప్పి ఉంచారు అన్న ప్రశ్న లేదు.

"లేదు సార్. నేను చేరుస్తాను."

"మీ ఇష్టం. మీ ఉద్యోగానికి నేను హామీ ఉండలేను" అని పెట్టేశారు.

దవాఖానకు వచ్చేసరికి తిమ్మప్ప వరండాలో లేచి నిలబడి ఉన్నాడు.

"సారు, పట్నంకెల్లి వచ్చింది మీరేనంట గద. నాకు జర ఒక మాట జెప్పుండ్రి. డాక్టరు ఒక తీరు జెప్తుండు. మావోళ్లు ఒక తీరు జెప్తున్రు. గీ పిల్ల మందు అమ్ముకున్నదంటున్రు. నేను గూడ అన్న. ఊరంత తిరిగి అన్న. నాకు ఒక్కటే తెల్వాలె. ఈమె మందు అడిగిందా, అడగలేదా?"

"అడిగింది. మూడుసార్లు అడిగింది."

"మరి యాడికి వోయింది?"

నేను వనపర్తి పక్కవాడినే. హైదరాబాదులో పోగొట్టుకున్న యాస నోటికి అప్పుడు తిరిగొచ్చింది. "ఆమె చీటీ రాసి ఒక మనిషి చేతికిచ్చిందనుకో తిమ్మప్పా. ఆ మనిషి దార్ల ఆగిపోయిండు. చీటీ అందిందో లేదో ఎవ్వరికి తెల్వదు. అప్పుడు అడిగి తెల్సుకోవాలె, అందకుంటే ఇంకోటి పంపాలె. నేను ముందుగాలనే ఆమెకు ఒక కాయితం ఇచ్చి పెట్టిన, గట్లయితే అందిందనే అనుకొమ్మని. ఆమె గట్లనే అనుకున్నది."

"మీరిచ్చిన్రా?"

"నేనే ఇచ్చిన."

"యాడ కూసోని ఇచ్చిన్రు? ఈడికి రాకుంటనేనా?"

"వచ్చిన. మూడేండ్ల కిందట. ఈ గదిలనే కూసోని రాసిన."

అతను తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

"జీపుల ఆమె ఏమన్నదో ఎర్కనా సారు? మిద్దె మీద పెసర్లు ఎండవోసిన, మబ్బు వట్టింది, పోయి ఎత్తుమన్నది. నన్ను జీపు దిగుమన్నది." తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని అన్నాడు: "మీరు జెప్పింది కాయితం మీద రాసియ్యుండ్రి."

"కమిటీకి రాస్తున్నా."

"ఆళ్లకు ఆళ్లది రాసుకోండ్రి. నాకు తెలుగుల రాసియ్యుండ్రి. నాకు సదువు రాదు. ఊర్ల సదివిపిస్త."

నా భార్య పోయాక ఆమె కేస్ షీట్ కోసం నేను నాలుగు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగాను. ఎవరి మీదా కేసు వెయ్యాలని కాదు. చివరి రోజు ఏ గంటకు ఏమి జరిగిందో ఒక వరసలో తెలిస్తే చాలనుకున్నాను. రికార్డు గదిలో దొరకలేదన్నారు. ఇక వెళ్లడం మానేశాను. కాబట్టి తిమ్మప్ప ఎందుకు అడుగుతున్నాడో నాకు వేరే చెప్పనక్కరలేదు.

విజయ తెల్లకాగితాలు ఇచ్చింది. ఆమె బల్ల దగ్గరే కూర్చుని ఒక పేజీ రాశాను. నర్సమ్మ పేరు, మూడు తారీఖులు, మూడుసార్లు మందు అడిగినట్టు, అడిగిన చీటీ దారిలో పోయినట్టు, పోవడానికి కారణం నేను రాసిన ఐదో సూచన అని, విజయ ఆ సూచన ప్రకారమే చేసిందని. పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు రాశాను. చదివి వినిపించాను. తిమ్మప్ప ఒకచోట ఆపమన్నాడు.

"గీ పిల్ల పేరు ఇంకోపారి సదువుండ్రి."

మళ్లీ చదివాను. కాగితం మడిచి బనియన్ జేబులో పెట్టుకుని విజయ వైపు తిరిగాడు. "ఊర్ల నేను అన్నది నేనే ఎనకకు తీసుకుంట బిడ్డ. రేపు రచ్చకట్ట కాడ సదివిపిస్త" అన్నాడు. ఆమె తలూపింది. అతను వెళ్లాక చాలాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

సోమవారం కమిటీకి ఇచ్చిన కాగితాల కట్టలో నాగర్‌కర్నూల్ లాగ్, విజయ పుస్తకం జిరాక్సు, మెయిన్‌ఫ్రేమ్‌లోని చివరి సంఖ్య, వీటన్నిటి పైన గోడ మీది కాగితం పెట్టాను. విజయ ఉద్యోగం నిలబడింది. నాకు ఒక మెమో ఇచ్చి, ఏడాది పాటు పదోన్నతి లేదన్నారు. సహాయ కేంద్రం వాళ్లు సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే నడిచిందని రాసి కేసు మూసేశారు. అందులో తప్పేమీ లేదు, నిజంగానే చెప్పినట్టే నడిచింది. నర్సమ్మ విషయంలో ఎవరూ చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు. పని పూర్తయిందన్న తృప్తి నాకు కలగలేదు. ఆ ఏడాది ఏ పని తర్వాతా కలగలేదు, దీని తర్వాత అసలే లేదు.

ఆ కాగితం ఎన్ని గోడల మీద ఉందో నాకే లెక్క తెలియదు. మా మిగతా ఖాతాదారులు కూడా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు జిరాక్సు తీసి ఇచ్చుకున్నారు. తర్వాత రెండు నెలలు ఫోన్లు చేసి చింపించడమే నా పని. కొన్నిచోట్ల అలాంటి కాగితమే లేదన్నారు. అచ్చంపేటలో ఒక ఆఫీసువాళ్లు ఐదో అంశాన్ని చేత్తో పెద్ద అక్షరాలతో రాసి విడిగా అంటించుకున్నారు.

అప్పటి నుంచి ఏ సమస్యకైనా ఆధారాలు సేకరించేటప్పుడు ముందు మేము ఇచ్చిన సూచనలు తెప్పించుకుంటాను. లాగ్, డంప్ ఆ తర్వాత. యంత్రం ఏమి చేసిందో లాగ్ చెబుతుంది. మనిషి అలా ఎందుకు చేసిందో తెలియాలంటే ఆమె కళ్లెదుట ఏ కాగితం ఉందో చూడాలి. కష్టమని ఒక అంశాన్ని కొట్టేసేటప్పుడు, దాన్ని నమ్మి పనిచేసేవాళ్లు ఉంటారని గుర్తుంచుకోవాలి. రాసినవాడి పేరు, ఫోను నంబరు కింద ఉండాలి, అర్థంకానిది అడగడానికి.

కొత్త సూచనలు తెలుగులో రాసి మూడు దవాఖానలకూ పంపాను. మొదటి ఫోను విజయది.

"సారు, మీ కాయితం వచ్చింది. ఇంక గోడకు అంటియ్యలే. మూడో దాంట్ల లైను వచ్చినంక ఆగుమన్నరు. ఎంతసేపు ఆగాలె, ఎవల్ని అడగాలె, గది రాయలే. ఊకనే ఆగుమంటే నేను ఆగను. జెప్పుండ్రి."

పెన్ను తీసుకున్నాను. ఆమె చెబుతూ ఉంటే మూడో అంశం మళ్లీ రాశాను.